మీటరులో 10.31, డేటాషీట్‌లో 10 మైక్రో ఆంపియర్లు: రెండూ ఒకటేనా?

ముందు మీ ప్రశ్నను నాలుగు మాటల్లో చెబుతాను, తర్వాత చదివేవారికీ పనికొస్తుంది. పొలంలో నేల తేమను, తొట్టిలో నీటి మట్టాన్ని చూసి గంటకోసారి వై-ఫై మీద కబురు పంపే చిన్న పరికరం తయారు చేసుకున్నారు. అందులో ఒక ఇఎస్‌పీ32 బోర్డు (వై-ఫై ఉన్న చిన్న కంప్యూటర్ చిప్, దాన్ని నడిపే భాగాలు), దానికి వరుసగా కలిపిన నాలుగు ఏఏ సైజు ఆల్కలైన్ సెల్స్. గాఢ నిద్రలో, అంటే లేచే సమయం లెక్కపెట్టుకోవడం తప్ప మిగతా పనులు ఆపేసినప్పుడు, ఈ చిప్ 10 మైక్రో ఆంపియర్లే తీసుకుంటుందని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చెబుతోంది. మీరు సెన్సర్ వైర్లన్నీ ఊడదీసి, బోర్డును నిద్రపుచ్చి, బజారులో తక్కువ ధరకు దొరికే మామూలు మల్టీమీటరుతో కొలిచారు. 2000 మైక్రో రేంజిలో తెర మీద ఎడమ చివర ఒట్టి 1 కనిపించింది. 20 మిల్లీ రేంజిలో 10.31 వచ్చింది. "10 ఉండాల్సిన చోట 10 ఉంది. మరి సెల్స్ పది రోజులకే ఎందుకు అయిపోతున్నాయి? మీటరు పాడైందా?" అని అడిగారు.

మీటరు బాగానే ఉంది. మొదటి రేంజిలో వచ్చిన ఆ 1 కూడా తప్పు రీడింగ్ కాదు. ఆ రేంజిలో చూపగలిగిన గరిష్ఠ అంకె 1999. కరెంటు దాన్ని దాటిపోయిందని చెప్పడానికి మీటరు అలా ఒంటరి 1 చూపుతుంది. అంటే మీ బోర్డు 2000 మైక్రో ఆంపియర్ల కంటే ఎక్కువే తాగుతోందని మీటరు అప్పుడే చెప్పేసింది. తర్వాత 20 మిల్లీ రేంజిలో వచ్చిన 10.31 మిల్లీ ఆంపియర్లు. మైక్రోలోకి మార్చితే 10,310. డేటాషీట్ చెప్పిన దానికి వెయ్యి రెట్లు పైన. నిజంగా 10 మైక్రో ఆంపియర్లే అయితే మీ మీటరు 2000 మైక్రో రేంజిలో 10 అని, 20 మిల్లీ రేంజిలో 0.01 అని చూపి ఉండేది. ఇక మీదట ఏ రీడింగు వచ్చినా ఇలా పక్క రేంజిలో ఎంత చూపాలో మనసులో వేసుకుని, తిప్పి చూసుకోండి. రెండూ పొసగకపోతే మీరు అనుకుంటున్న ప్రమాణం తప్పు.

ఇప్పుడు మార్పిడి సంగతి. ఆంపియర్‌లో వెయ్యో వంతు మిల్లీ ఆంపియర్. మిల్లీలో వెయ్యో వంతు మైక్రో, అంటే ఆంపియర్‌లో పది లక్షో వంతు. మైక్రోలో వెయ్యో వంతు నానో, ఆంపియర్‌ను వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం. నానోలో వెయ్యో వంతు పికో, లక్ష కోట్లలో ఒక భాగం. ప్రతి మెట్టుకూ వెయ్యి. దశాంశ బిందువు మూడు స్థానాలు జరుగుతుంది. ఎటు జరపాలన్నదే చాలామందికి తికమక. చిన్న ప్రమాణంలోకి దిగితే అంకె పెద్దదవుతుంది, పెద్ద ప్రమాణంలోకి ఎక్కితే అంకె చిన్నదవుతుంది. మీ 10.31 మిల్లీ ఆంపియర్లు పైకి వెళితే 0.01031 ఆంపియర్, కిందికి వస్తే 10,310 మైక్రో ఆంపియర్లు, ఇంకా దిగితే కోటి దాటిన నానో ఆంపియర్లు.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. మన లెక్కలో కామాలు లక్షలు, కోట్ల ప్రకారం పడతాయి. 10.31 మిల్లీని నానోలో రాస్తే మన పద్ధతిలో 1,03,10,000. డేటాషీట్ పద్ధతిలో అదే సంఖ్య 10,310,000. ప్రమాణాలు మార్చేటప్పుడు మాత్రం రెండో పద్ధతే పట్టుకోండి, ఎందుకంటే మూడేసి అంకెలకు పడే ప్రతి కామా ఒక మెట్టు మీదే కూర్చుంటుంది. 10,310,000 నానోలో చివరి మూడు అంకెలు తీసేస్తే 10,310 మైక్రో. అందులో ఉన్న కామాను దశాంశ బిందువు చేస్తే 10.310 మిల్లీ. లెక్క చేసే పనే లేదు, చూస్తే చాలు. లక్షల పద్ధతిలో కామాలు రెండేసి అంకెలకు పడతాయి కాబట్టి, వాటిని నమ్ముకుని బిందువు జరిపితే పది రెట్లో వంద రెట్లో తేడా వచ్చేస్తుంది. విద్యార్థుల కాగితాల్లో ఈ తప్పు నాకు తరచూ కనిపిస్తుంటుంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే ఈఎన్‌జీ అని రాసి ఉన్న బటన్ నొక్కండి. ఫలితాన్ని 10⁻³, 10⁻⁶, 10⁻⁹ మెట్ల మీదనే చూపుతుంది. అవే మిల్లీ, మైక్రో, నానో.

గుర్తుల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మైక్రోకు గ్రీకు అక్షరం మ్యూ వాడతారు. అది కీబోర్డు మీద ఉండదు కాబట్టి సర్క్యూట్ బొమ్మల్లో, దుకాణాల జాబితాల్లో దాని బదులు ఇంగ్లీషు చిన్న యు కొట్టేస్తారు. రెండూ ఒకటే. చిన్న ఎం మిల్లీ, పెద్ద ఎం మెగా; ఆ రెండింటికీ వంద కోట్ల రెట్లు తేడా. ఇలాంటి సర్క్యూట్లలో కరెంటుకు మెగా ఎవరూ వాడరు కాబట్టి పెద్ద ఎం రాసినా మిల్లీ అనే సర్దుకుంటాం. రెసిస్టర్ల దగ్గర అలా సర్దుకోవడం కుదరదు.

నానో ఆంపియర్ అంటే ఏమీ లేనట్టే అనుకోకండి. 2019 మే 20 నుంచి ఆంపియర్‌ను ఎలక్ట్రాన్ ఆవేశం విలువను స్థిరపరిచి నిర్వచిస్తున్నారు. ఆ లెక్కన ఒక నానో ఆంపియర్ పారుతోందంటే సెకనుకు దాదాపు 624 కోట్ల ఎలక్ట్రాన్లు దాటుతున్నట్టు. పికో ఆంపియర్ అన్నా సెకనుకు 62 లక్షలకు పైమాటే.

ఇక సెల్స్ ఎన్నాళ్లు వస్తాయన్న లెక్క. మంచి ఏఏ ఆల్కలైన్ సెల్ తక్కువ కరెంటు మీద సుమారు 2500 మిల్లీ ఆంపియర్ గంటలు ఇస్తుందనుకుందాం. నాలుగు సెల్స్ వరుసలో ఉన్నాయి కాబట్టి వోల్టేజీ కలుస్తుంది, 6 వోల్టులవుతుంది. కెపాసిటీ కలవదు, 2500గానే ఉంటుంది. దీన్ని 10.31తో భాగిస్తే 242 గంటలు, అంటే పది రోజులు. సరిగ్గా మీరు చూసింది ఇదే. నిద్రలో నిజంగా 10 మైక్రోలే అయితే భాగించే ముందు దాన్ని 0.01 మిల్లీ చేయాలి. 2500ను 0.01తో భాగిస్తే 2,50,000 గంటలు, 28 ఏళ్లు. సెల్స్ అన్నాళ్లు బతకవు, అది వేరే మాట. కానీ పది రోజులకూ 28 ఏళ్లకూ మధ్య తేడా అంతా ఆ ఒక్క మెట్టే. మార్చడం మరిచిపోయి 2500ను తిన్నగా 10తో భాగించినవారికీ 250 గంటలే వస్తుంది, అది మీ అనుభవంతో కలిసిపోతుంది. "లెక్కా సరిపోయింది, మీటరూ సరిపోయింది" అనిపించి అసలు లోపం చూపుకు అందకుండా పోయేది ఇలాగే.

ఆ 10 మిల్లీ ఆంపియర్లు ఎవరు తాగుతున్నారు? చిప్ కాదు. చిప్ తన మాట మీదే ఉంది. డేటాషీట్ చెప్పింది చిప్ గురించి, మీరు కొలిచింది బోర్డును. అలాంటి బోర్డుల మీద సాధారణంగా, వచ్చే వోల్టేజీని చిప్‌కు కావలసిన 3.3 వోల్టులకు దించే 1117 రకం వోల్టేజీ రెగ్యులేటర్ ఉంటుంది. దాని తర్వాత ఏదీ నడవకపోయినా, తన పనికోసమే అది దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. దాని పక్కనే ఎర్రగా వెలిగే చిన్న ఎల్ఈడీ: 3.3 వోల్టుల్లో ఎల్ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పోతే మిగిలిన 1.3 వోల్టులు 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీద పడతాయి, అంటే 1.3 మిల్లీ ఆంపియర్లు. మిగిలింది ఎక్కువగా బోర్డును కంప్యూటరుతో కలిపే యూఎస్‌బీ చిప్ ఖాతాలోకి పోతుంది. బోర్డు మేలుకుని వై-ఫై వాడేటప్పుడు 100, 200 మిల్లీ ఆంపియర్లు నడుస్తాయి కాబట్టి, బల్ల మీద యూఎస్‌బీ వైరుతో పని చేసేవారికి ఈ పదీ లెక్కలోకి రాదు. ఈ బోర్డులను తయారు చేసింది కూడా ఆ బల్ల కోసమే. పొలంలో సెల్స్ మీద పెట్టాలంటే మాత్రం వాటిని కొంత సరిచేసుకోక తప్పదు.

నేనైతే ఇలా మొదలుపెడతాను. ఒక కాగితం తీసుకుని, పరికరంలో కరెంటు తాగే ప్రతి దానినీ ఒక్కో వరుసలో రాసి, పక్కన దాని కరెంటును మైక్రో ఆంపియర్లలోనే రాస్తాను. అన్నీ మైక్రోలోనే. డేటాషీట్ మిల్లీ అని చెప్పినా, నానో అని చెప్పినా, రాసే ముందే మార్చేస్తాను. ఒక పద్దు రూపాయల్లో, మరో పద్దు పైసల్లో రాసి కూడితే మొత్తం తప్పడమే కాదు, ఏ ఖర్చు పెద్దదో కూడా కనబడదు. ఈ పద్దులో రెగ్యులేటర్ 5000, ఎల్ఈడీ 1300, చిప్ 10. ఇలా ఒకే ప్రమాణంలో పక్కపక్కన పెట్టాక ఇంకెవరినీ అడగాల్సిన పని ఉండదు.

మేలుకునే కరెంటునూ ఇదే కాగితం మీదికి తేవాలి, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. గంటకోసారి లేచి 5 సెకన్లు పని చేస్తుంది, ఆ 5 సెకన్లలో సగటున 100 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. 100ను 5తో గుణిస్తే 500. దాన్ని గంటలోని 3600 సెకన్లకు పంచితే 0.139 మిల్లీ, అంటే 139 మైక్రో ఆంపియర్లు. అదీ ఒక పద్దు. అదే పరికరాన్ని పది నిమిషాలకోసారి లేపితే 600 సెకన్లకు పంచాలి, 833 మైక్రో అవుతుంది. చూడండి, నిద్రలో 10 మైక్రో అని గొప్పగా చెప్పుకున్నా, ఎన్నిసార్లు లేపుతున్నామన్నదే సెల్స్ ఆయుష్షును తేలుస్తుంది. పది నిమిషాలకోసారి లేపితే నిద్ర ఎంత బాగున్నా నాలుగు నెలలే. నేల తేమ పది నిమిషాల్లో మారిపోదు, గంటకోసారి చాలన్న మీ నిర్ణయం సరైనదే.

చిన్న కరెంట్ల లెక్కకు నేను రోజూ వాడే ఒక సులువు చెబుతాను. వోల్టులను కిలో ఓములతో భాగిస్తే జవాబు తిన్నగా మిల్లీ ఆంపియర్లలో వస్తుంది. వోల్టులను మెగా ఓములతో భాగిస్తే మైక్రోలో వస్తుంది. మిల్లీ వోల్టులను కిలో ఓములతో భాగించినా మైక్రోయే. సున్నాలు లెక్కపెట్టే పనే ఉండదు. ఇప్పుడు మీ సర్క్యూట్ బొమ్మ వంక చూడండి. సెల్స్ వోల్టేజీ తెలుసుకోవడానికి 6 వోల్టుల మీద రెండు 100 కిలో ఓమ్ రెసిస్టర్లు వరుసగా పెట్టారు. మొత్తం 0.2 మెగా ఓమ్. 6ను 0.2తో భాగిస్తే 30 మైక్రో ఆంపియర్లు. నిద్రపోతున్న చిప్‌కు మూడింతలు, రాత్రీ పగలూ ఆగకుండా! రెండింటినీ 1 మెగా ఓమ్ చేయండి, 3 మైక్రోకు దిగుతుంది. అంత పెద్ద రెసిస్టర్లు పెట్టినప్పుడు చిప్ కొలిచే విలువ ఊగుతుంది. చిప్ కొలిచే కాలికీ (పిన్‌కూ) గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రో ఫారడ్ కెపాసిటర్ ఒకటి పెడితే కుదురుకుంటుంది.

తొట్టిలో నీటి మట్టాన్ని బట్టి తేలే ఫ్లోట్ స్విచ్ కూడా అంతే. నీళ్లు నిండి ఉన్నప్పుడు ఆ స్విచ్ మూసుకుని ఉంటుందన్నారు. దానికి 3.3 వోల్టుల నుంచి 10 కిలో ఓమ్ పుల్-అప్ రెసిస్టర్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు చిప్ కాలిని 3.3 వోల్టుల దగ్గర నిలిపేది) ఉంది. 3.3ను 10తో భాగిస్తే 0.33 మిల్లీ, 330 మైక్రో ఆంపియర్లు. తొట్టి నిండుగా ఉన్నన్నాళ్లూ ఇదొక్కటే చిప్ నిద్రకు 33 రెట్లు. 1 మెగా ఓమ్ పెడితే 3.3 మైక్రో. స్విచ్ వైరు పొడుగ్గా ఉంటే మెగా ఓమ్‌తో అటూ ఇటూ గాలి సంకేతాలు పట్టే అవకాశం ఉంది కాబట్టి అక్కడ కూడా చిన్న కెపాసిటర్ వేయండి. లేదా లేచినప్పుడు మాత్రమే పుల్-అప్‌కు కరెంటు అందేలా చిప్ కాలి నుంచి ఇవ్వండి, అది ఇంకా మేలు. తేమ సెన్సర్‌కూ అదే మాట: అది కొన్ని మిల్లీ ఆంపియర్లు తీసుకునే రకం, దాన్ని ఎప్పుడూ 3.3 వోల్టులకు కట్టేసి ఉంచకూడదు. కొలిచే క్షణానికి ముందు వెలిగించి, కొలిచాక ఆర్పేయాలి.

రెగ్యులేటర్ విషయం. 1117ను తీసేసి, ఆ చోట హెచ్‌టీ7333 లాంటిది పెట్టండి. దాని సొంత ఖర్చు సుమారు 4 మైక్రో ఆంపియర్లు, 12 వోల్టుల దాకా తట్టుకుంటుంది. కొత్త ఆల్కలైన్ సెల్స్ నాలుగు కలిపితే 6 వోల్టులు దాటుతుంది కాబట్టి, గరిష్ఠం 6 వోల్టులే ఉన్న ఎంసీపీ1700 ఇక్కడ పనికిరాదు. దాని ఖర్చు 1.6 మైక్రోయే అయినా మోజు పడవద్దు. హెచ్‌టీ7333 ఇవ్వగలిగేది 250 మిల్లీ ఆంపియర్లు. వై-ఫై వెలిగే క్షణంలో చిప్ ఆ గీతను తాకుతుంది, అందుకే దాని తర్వాత 470 మైక్రో ఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి ఉండాలి.

ఆ కెపాసిటర్‌ను కూడా కాగితం మీదికి ఎక్కించండి. మామూలు ఎలక్ట్రోలిటిక్‌లకు తయారీదారులు ఇచ్చే లీకేజీ (లోపలి నుంచి కారిపోయే కరెంటు) హామీ ఇలా ఉంటుంది: మైక్రో ఫారడ్లను రేటెడ్ వోల్టేజీతో గుణించి, అందులో నూరో వంతు తీసుకుంటే అన్ని మైక్రో ఆంపియర్లకు మించదని. 470 మైక్రో ఫారడ్, 10 వోల్టులదైతే 47 మైక్రో ఆంపియర్లు. కరెంటు పెట్టిన కాసేపటికే కొలిస్తే వర్తించే గరిష్ఠ హద్దు ఇది. రోజులు గడిచేకొద్దీ లీకేజీ బాగా తగ్గిపోతుంది. అయినా కొత్తగా బిగించిన రోజే కొలిచి, "ఈ 30, 40 మైక్రోలు ఎక్కడివి?" అని తల పట్టుకునేవారిని చూశాను. ఒక రాత్రంతా వదిలి, తెల్లారాక కొలవండి.

కొలవడం గురించి మరి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బోర్డును సరిచేశాక మీకు ఎదురయ్యే చిక్కు ఇదే. మీటరు కరెంటును కొలిచేది తనలో ఉన్న ఒక రెసిస్టర్ మీద పడే వోల్టేజీని చూసి. ఈ తరహా మీటర్లలో పూర్తి స్కేలుకు 0.2 వోల్టు పడేలా అమరుస్తారు. 2000 మైక్రో రేంజిలో ఆ రెసిస్టర్ సుమారు 100 ఓములు, 20 మిల్లీలో 10 ఓములు, 200 మిల్లీలో 1 ఓమ్. నిద్రలో 20 మైక్రో ఆంపియర్లు పారేటప్పుడు 100 ఓముల మీద 2 మిల్లీ వోల్టులే పోతాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. బోర్డు లేచి 100 మిల్లీ ఆంపియర్లు అడిగిందనుకోండి, 100 ఓముల మీద 10 వోల్టులు పడాలి. మీ దగ్గర ఉన్నదే 6. బోర్డు లేవలేదు, లేవబోయి మళ్లీ పడిపోతుంది, ఆ పడిలేచే క్రమంలో మీటరు ఏవేవో అంకెలు చూపుతుంది. ఫ్యూజు పోయే ప్రమాదమూ ఉంది. రేంజి మధ్యలో మారుద్దామంటే తిప్పే క్షణంలో కరెంటు తెగి బోర్డు మొదటికొస్తుంది.

దీనికి చౌకైన మందు ఒక చిన్న స్విచ్. మీటరు రెండు ప్రోబుల మధ్య దాన్ని అడ్డంగా కలపండి. స్విచ్ వేసి ఉంచితే కరెంటు మీటరును తాకకుండా స్విచ్ గుండా పోతుంది. బోర్డు లేచి, పని ముగించి, నిద్రపోయిందని రూఢి చేసుకున్నాక స్విచ్ ఆపండి. అప్పుడు నిద్ర కరెంటు మీటరు గుండా నడిచి తెర మీద నిలకడగా కనిపిస్తుంది. మళ్లీ లేచే వేళకు ముందే స్విచ్ వేసేయండి. మీటరు కరెంటు రేంజిలో కాకుండా, మీరే ఒక శాతం కచ్చితత్వం ఉన్న 1 కిలో ఓమ్ రెసిస్టర్‌ను సెల్స్ వైరులో పెట్టి, 200 మిల్లీ వోల్ట్ రేంజిలో దాని మీద వోల్టేజీ చూడడం నాకు ఇంకా ఇష్టం. మిల్లీ వోల్టును కిలో ఓమ్‌తో భాగిస్తే మైక్రో అని పైన చెప్పుకున్నాం కదా. రెసిస్టర్ సరిగ్గా 1 కిలో ఓమ్ కాబట్టి తెర మీది మిల్లీ వోల్టులే మైక్రో ఆంపియర్లు. 17.4 కనిపిస్తే 17.4 మైక్రో ఆంపియర్లు. మైక్రోలో పదో వంతు దాకా చదవవచ్చు, మీ మీటరు కరెంటు రేంజిలో ఆ సూక్ష్మత లేదు. స్విచ్ మాత్రం ఈ రెసిస్టర్‌కూ అడ్డంగా ఉండాల్సిందే. ఒక హెచ్చరిక: ఎర్ర ప్రోబు 10 ఆంపియర్ల సాకెట్‌లో ఉండగా దాన్ని పొరపాటున సెల్స్ రెండు చివరలకూ తాకించకండి. చాలా చౌక మీటర్లలో ఆ సాకెట్‌కు ఫ్యూజు కూడా ఉండదు, అది నేరుగా షార్ట్ సర్క్యూటే.

ఇవన్నీ చేశాక కాగితం ఇలా మారుతుంది: చిప్ 10, రెగ్యులేటర్ 4, వోల్టేజీ చూసే రెసిస్టర్లు 3, ఫ్లోట్ స్విచ్ 3, గంటకోసారి లేచే ఖర్చు 139. కెపాసిటర్ లీకేజీ రోజులు గడిచాక బాగా తగ్గిపోతుంది కాబట్టి ఈ కూడికలో వదిలేశాను. సెల్స్ తమంతట తాము ఏడాదికి 2 శాతం కోల్పోతాయనుకుంటే 2500లో 50 మిల్లీ ఆంపియర్ గంటలు. ఏడాదిలోని 8760 గంటలకు పంచితే దాదాపు 6 మైక్రో, అదీ వేయండి. మొత్తం 165 మైక్రో, అంటే 0.165 మిల్లీ ఆంపియర్. 2500ను దానితో భాగిస్తే 15 వేల గంటల పైమాట, సుమారు ఏడాది ముప్పావు. ఎండకు, చలికి సెల్స్ తీరు మారుతుంది, చివరి దశలో వోల్టేజీ చాలదు. అందుకని ఏడాది అనుకుని పెట్టుకోండి. పది రోజుల నుంచి ఏడాదికి వచ్చాం.

ఇక్కడి నుంచి ఇంకా తగ్గించాలంటే ఎక్కడ చేయి వేయాలో కూడా ఆ కాగితమే చెబుతుంది. టీపీఎల్5110 అనే టైమర్ చిప్ గురించి అడిగారు. అది 35 నానో ఆంపియర్లతో నడుస్తూ మిగతా బోర్డుకు కరెంటు పూర్తిగా కట్టేయగలదు. 35 నానో అంటే 0.035 మైక్రో. చక్కని చిప్, నాకూ ఇష్టమే. కానీ మీకు అది మిగిల్చేది నిద్ర తాలూకు పది, ఇరవై మైక్రోలే, మొత్తంలో పదో వంతు. దానికి బదులు లేచి ఉండే 5 సెకన్లను 2 సెకన్లు చేయండి: 139 కాస్తా 56 అవుతుంది, ఒక్క దెబ్బకు 83 మైక్రోలు మిగులుతాయి, కొత్త భాగమేదీ కొనకుండా. రౌటర్ దగ్గర ప్రతిసారీ ఐపీ చిరునామా అడిగి తెచ్చుకోకుండా స్థిరమైన చిరునామా ఇవ్వండి, వై-ఫై ఛానల్ నంబరును ప్రోగ్రామ్‌లోనే రాసేయండి. ఎక్కువ సమయం పోయేది వాటికోసం వెతుక్కోవడంలోనే. రోజుకు రెండుసార్లే లేచే పరికరమైతే అప్పుడు నానో టైమర్ గురించి నేనే చెబుతాను. గంటలు, తేదీలు చూపే పీసీఎఫ్8563 లాంటి చిప్‌లు 250 నానోతో, అంటే పావు మైక్రోతో నడుస్తాయి. అక్కడ నిద్ర తప్ప వేరే ఖర్చే ఉండదు కాబట్టి నానోలకు విలువ ఉంది.

ముందుముందు సోలార్ పలక పెట్టి సెల్స్ బదులు ఛార్జి అయ్యే బ్యాటరీ వాడతానన్నారు. రాత్రి బ్యాటరీ నుంచి పలకలోకి కరెంటు వెనక్కి పారకుండా డయోడ్ పెడతారు. 1ఎన్5819 షాట్కీ డయోడ్ డేటాషీట్‌లో వెనక్కి కారే కరెంటు గరిష్ఠంగా 1 మిల్లీ ఆంపియర్ అని ఉంటుంది, 1ఎన్4148 డేటాషీట్‌లో 25 నానో ఆంపియర్లు అని. ఒకటి మిల్లీలో, ఒకటి నానోలో ఉండేసరికి 1 కంటే 25 ఎక్కువ అనిపిస్తుంది. మైక్రోలోకి మార్చండి: 1000, 0.025. తేడా 40 వేల రెట్లు, అదీ అవతలి వైపుకు. ఆ విలువలు పెద్ద వోల్టేజీల దగ్గర చెప్పినవి, మీ 4, 5 వోల్టుల దగ్గర షాట్కీ అంత కారదు. కానీ ఎండకు వేడెక్కిన డబ్బాలో అది బాగా పెరుగుతుంది. 1ఎన్4148 మోయగలిగే కరెంటు చిన్నది కాబట్టి చిన్న పలకలకే సరిపోతుంది.

ఇంటి కరెంటు గురించీ ఒక మాట, ఎందుకంటే అక్కడ ఈ మార్పిడి ప్రాణాల మీదికి వస్తుంది. ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి కారితే లైను తెంచేసే స్విచ్) మీద 0.03 ఆంపియర్ అని ఉంటే 30 మిల్లీ, మనిషికి షాక్ తగిలినప్పుడు కాపాడే ఉద్దేశంతో పెట్టేది అదే. 0.3 అని ఉంటే 300 మిల్లీ. అది అగ్నిప్రమాదాల నివారణ కోసం, మనిషికి రక్ష కాదు. పొలంలో మోటారు స్టార్టర్ పెట్టెలో ఏది బిగించారో ఒకసారి ఆ సున్నాలు చూసి రండి.

మీ బోర్డు దగ్గరికి వస్తే, ముందుగా ఎల్ఈడీని సోల్డరింగ్ ఐరన్‌తో తీసేసి మళ్లీ కొలవండి. 20 మిల్లీ రేంజిలో 10.31 కాస్తా 9 దగ్గరికి రావాలి. ఆ తర్వాత రెగ్యులేటర్ మార్చి, యూఎస్‌బీ చిప్‌కు 3.3 వోల్టుల దారి తెంచి, 1 కిలో ఓమ్ రెసిస్టర్ పద్ధతిలో చూడండి. 20 మైక్రోల లోపు రాకపోతే బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి మరోసారి కొలవండి. సోల్డర్ చేసినప్పుడు మిగిలిన ఫ్లక్సు (సోల్డర్ అతకడానికి వాడే పదార్థం) మీద తేమ చేరితే అక్కడక్కడ రెసిస్టెన్సు మెగా ఓములకు దిగిపోతుంది, 3.3 వోల్టులకు ఒక్కో మెగా ఓమ్ దారి గుండా 3.3 మైక్రోలు జారిపోతాయి. అప్పటికీ తగ్గకపోతే మీ సర్క్యూట్ బొమ్మతో పాటు రీడింగులు ఇక్కడ పెట్టండి, చూస్తాను. ప్రతి రీడింగు పక్కన అది ఏ రేంజిలో వచ్చిందో, ఏయే భాగాలు కలిపి ఉండగా వచ్చిందో రాయండి.